గుత్తి మీదుగా వెళ్ళిపోయిన చప్పుడు

1883 ఆగస్టు 27, సోమవారం. మారిషస్‌కి తూర్పున సముద్రం మధ్యలో ఉన్న రోడ్రిగ్స్ అనే చిన్న దీవిలో జేమ్స్ వాలిస్ అనే పోలీసు అధికారి ఒక సంగతి నమోదు చేశాడు. ముందు రాత్రి నుంచీ ఉండుండి తూర్పు దిక్కున పెద్ద ఫిరంగులు పేలుతున్నట్టు చప్పుళ్ళు వినిపిస్తున్నాయని. ఏదో ఓడ ఆపదలో ఉండి సాయం కోసం పేలుస్తోందేమో అనుకోవడానికి వీలున్న చప్పుడు. అది ఓడ కాదు. జావా, సుమత్రా దీవుల మధ్య సుందా జలసంధిలో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. అక్కడ నుంచి రోడ్రిగ్స్‌కి 4,800 కిలోమీటర్లు. చప్పుడు అంత దూరం రావడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది.

మనిషి విన్న అతి పెద్ద చప్పుళ్ళ గురించి ఎవరు ఏం రాసినా మొదటి పేరా ఇదే. నేనూ తప్పించుకోలేకపోయాను. కానీ ఈ కథ చదివిన ప్రతిసారీ నా వేలు మ్యాపు మీద ఇంకోవైపుకి పోతుంది. క్రకటోవా నుంచి మా అనంతపురానికి గీత గీస్తే 3,800 కిలోమీటర్ల పైచిలుకు. అంటే రోడ్రిగ్స్ కంటే మేమే దగ్గర, వెయ్యి కిలోమీటర్ల మేర. శ్రీలంకలో విన్నారు. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్‌లో విన్నారు. ఆస్ట్రేలియా నడిమధ్యలో విన్నారు. లండన్‌లోని రాయల్ సొసైటీ ఐదేళ్ళ తర్వాత, 1888లో, ఒక లావుపాటి నివేదిక వేసి ఎక్కడెక్కడ వినిపించిందో ఊళ్ళ పేర్లతో సహా అచ్చు వేసింది. భూమి ఉపరితలంలో సుమారు పదమూడో వంతు మేర ఆ చప్పుడు వినిపించిందని లెక్క కట్టారు. ఆ జాబితాలో అనంతపురం లేదు.

చప్పుడు ఎంత పెద్దదో ముందు చెప్పాలి. క్రకటోవాకి 160 కిలోమీటర్ల దూరంలో బటావియా, అంటే ఇప్పటి జకార్తా, అక్కడి గ్యాస్ ఫ్యాక్టరీలో ఒక ప్రెషర్ మీటరు ఉండేది. పేలుడు అల తగిలినప్పుడు అందులో ముల్లు రెండున్నర అంగుళాల పాదరసం ఎత్తుకు పైగా ఎగిరింది. దాన్ని ఈనాటి లెక్కలోకి మారిస్తే 172 డెసిబెల్స్. డెసిబెల్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు, పది పెరిగితే చప్పుడులోని శక్తి పదింతలవుతుంది. 130 దగ్గరే చెవి నొప్పితో మూసుకుంటుంది. గాలిలో చప్పుడు అనేది 194 దాకానే, ఆ తర్వాత గాలికి అలలా ఊగడం చేతకాదు, గోడలా ముందుకు తోసుకుపోతుంది. ఇప్పుడు 172ని గుర్తు పెట్టుకుని, అది పేలిన చోట కాదు, 160 కిలోమీటర్ల అవతల అని మళ్ళీ ఒకసారి అనుకోండి. గుత్తిలో పేలితే బళ్ళారి దాటాక కూడా అంత చప్పుడన్నమాట. ఇంకా దగ్గరగా ఉన్న నోరమ్ క్యాజిల్ అనే బ్రిటిష్ ఓడలో సగానికి పైగా నావికుల కర్ణభేరులు పగిలాయని కెప్టెన్ రాసుకున్నాడు. ప్రళయం వచ్చేసిందనే నమ్మాడాయన. ముప్పై ఆరు వేల మందికి పైగా చనిపోయారు, చాలావరకు చప్పుడు వల్ల కాదు, దాని వెనకే వచ్చిన సముద్రం వల్ల.

నన్ను పట్టుకున్నది మాత్రం ఫిరంగుల మాట. విన్న వాళ్ళందరూ ఫిరంగులనే ఎందుకన్నారు? రోడ్రిగ్స్‌లో ఫిరంగులే. సముద్రం మీద ఫిరంగులే. దీనికి డెబ్భై ఏళ్ళ ముందు, 1815 ఏప్రిల్‌లో, తంబోరా పేలినప్పుడూ అంతే. పేరు మన తంబూరాలా వినిపిస్తుంది గానీ, రాతపూర్వక చరిత్రలో అంత పెద్ద పేలుడు ఇంకొకటి లేదు. అప్పుడు జావా ఇంగ్లీషు వాళ్ళ చేతిలో ఉంది, స్టాంఫర్డ్ రాఫెల్స్ పాలకుడు. పక్క ఠాణా మీద ఎవరో దాడి చేశారనుకుని జోగ్యకర్త నుంచి సైన్యం కదిలింది. ఆపదలో ఉన్న ఓడ కోసం పడవలు వెతుకుతూ పోయాయి. రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమత్రాలో కూడా, విన్నారు. ఈ సాక్షులంతా ఎవరో చూడండి. సైనికులు, పోలీసులు, ఓడ కెప్టెన్లు, కంపెనీ ఉద్యోగులు. వాళ్ళ ఎరికలో అన్నిటికంటే పెద్ద చప్పుడు ఫిరంగి. పైగా వాళ్ళ ఉద్యోగమే ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉండటం. విన్నది రాయడానికి కాయితమూ, రాయాల్సిన అవసరమూ రెండూ ఉన్నవాళ్ళు వాళ్ళు. మనం ఈరోజు చదివే అతి పెద్ద చప్పుళ్ళ చరిత్ర చాలావరకు ఈ చెవుల చరిత్రే.

మరి అదే చప్పుడు 1883లో మా వైపు వినిపించి ఉంటే దేనిలా వినిపించేది?

ఇది ఊహే, కానీ ఆధారం లేని ఊహ కాదు. ఆగస్టు 27 అంటే మఖ కార్తె చివరి రోజులు. అనంతపురం అప్పటికి ఏడాదిన్నర వయసున్న జిల్లా, 1882లో బళ్ళారి నుంచి విడదీశారు. దానికి ఆరేడేళ్ళ ముందే ధాత కరువు. 1876 నుంచి 78 దాకా దక్కనంతా ఎండబెట్టిన ఆ కరువుని ఇప్పటికీ సీమలో ఆ తెలుగు సంవత్సరం పేరుతోనే పిలుస్తారు. ఆ కరువులో మిగిలిన వాళ్ళే 1883లో కొర్ర చేలో, జొన్న చేలో నిలబడి ఉన్నది. మఖ కార్తెలో ఎక్కడో దూరంగా గుడగుడమని ఒక చప్పుడు. దాన్ని ఫిరంగి అనుకునేవాడు ఒక్కడు కూడా ఉండడు. అందరూ తలెత్తి ఆకాశం చూసి ఉండేవాళ్ళు.

ఎందుకో చెప్పడానికి కొంచెం భూగోళం కావాలి. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి తెచ్చిన తడిలో ఎక్కువ భాగం పడమటి కనుమల్లోనే ఖర్చు పెట్టేస్తాయి. ఈశాన్యం వచ్చేసరికి కోస్తా, తూర్పు కొండలు తమ వాటా తాము తీసుకుంటాయి. రెండు చేతులూ చాచినా రెండు వైపులా అందని ఎడంలో మా పీఠభూమి ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. సగటు అంటే తెలుసు కదా, ఏ ఏడాదీ కురవని వాన అది. జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని స్కూల్లో ప్రతి టీచరూ చెప్పేవాళ్ళు. కొంచెం గర్వంగా చెప్పేవాళ్ళేమో అని ఇప్పుడు అనుమానం.

కానీ మబ్బులు రావనుకోకండి. వస్తాయి. ఉరుములూ వస్తాయి. ఉరుము మామూలుగా పదిహేను, ఇరవై కిలోమీటర్ల దాకానే వినిపిస్తుంది. కాబట్టి ఉరుము విన్నామంటే ఆ చుట్టుపక్కల ఎవరి మీదో ఒకరి మీద మబ్బు ఉన్నట్టే. ఎవరి మీద అన్నదే ప్రశ్న. మా ఊరు గుత్తికీ పామిడికీ మధ్య. ఎండాకాలం చివర్లో సాయంత్రాలు అరుగు మీద కూచుని మా అవ్వ దక్షిణం వైపు చెవి పెట్టేది. ఉరిమితే నేను ఎగిరేవాణ్ణి. ఆమె కాసేపు ఆగి, "అది పామిడోళ్ళ వాన నాయనా, మంది కాదు" అనేది. ఏ ఉరుము ఎవరిదో ఆమెకు తెలుసు. మెరుపుకీ చప్పుడుకీ మధ్య ఎడం లెక్కపెట్టడం, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు, నేను తొమ్మిదో తరగతి ఫిజిక్సులో నేర్చుకున్నాను. అవ్వకి సెకన్లు తెలీవు. కానీ ఆమె లెక్క నా లెక్క కంటే బాగా కుదిరేది, ఎందుకంటే ఆ లెక్క మీద ఆమె విత్తనం ఆధారపడి ఉండేది.

సరే, 1883కి వద్దాం. 3,800 కిలోమీటర్ల దూరంలో మాకు వినిపించనిది 4,800 కిలోమీటర్ల దూరంలో వాలిస్‌కి ఎలా వినిపించింది? చప్పుడు నేల మీద గీత గీసినట్టు నేరుగా పోదు. పైకి పోతుంది, పై గాలుల వేడిని బట్టి, వేగాన్ని బట్టి వంగుతుంది, మళ్ళీ ఎక్కడో నేలకి దిగుతుంది. ఆ ఎగురుడుకీ దిగుడుకీ మధ్య చప్పుడు తలల మీదుగా పోయే ప్రాంతాలుంటాయి. అక్కడ నిలబడిన వాళ్ళకి ఏమీ వినిపించదు, వాళ్ళకంటే దూరంలో ఉన్న వాళ్ళకి వినిపిస్తుంది. పైగా ఆగస్టులో ఆ ప్రాంతపు ఆకాశంలో బాగా ఎత్తున గాలి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. పడమట ఉన్న రోడ్రిగ్స్‌కి ఆ గాలి చప్పుడుని మోసుకుపోయింది.

అయితే వినిపించే చప్పుడు కంటే పెద్దది ఒకటి మాత్రం మా మీదుగా వెళ్ళింది. పేలుడు తోసిన గాలి అల. అది భూమి చుట్టూ మూడు నాలుగు సార్లు తిరిగింది. ఐదు రోజుల పాటు ప్రపంచంలో ఎక్కడెక్కడి బారోమీటర్లలోనో అది వచ్చినప్పుడల్లా చిన్న కుదుపు కనిపించింది. సెకనుకి మూడు వందల మీటర్లకి కాస్త ఎక్కువ వేగం. లెక్క వేసి చూశాను. గుత్తి దాకా రావడానికి మూడుంపావు, మూడున్నర గంటల మధ్య. అప్పటి రైళ్ళు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. 1871లో మద్రాసు లైను తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా వెళ్ళి రాయచూరులో బొంబాయి లైనుతో కలిసింది. కాబట్టి ఆ సోమవారం గుత్తి స్టేషను గడియారం పదకొండు నలభై, నలభై ఐదు చూపిస్తున్న సమయానికి చరిత్రలో అతి పెద్ద చప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీదుగా వెళ్ళింది. ఎవరి తలపాగా ఊడలేదు. ఇరవై హెర్ట్జ్ కంటే తక్కువ ఊపు మనిషి చెవికి చప్పుడే కాదు. ఈ అల ఊపు ఇంకా ఎంతో నిదానం, నిమిషాల కొద్దీ సాగేది. రెండు మూడు అంతస్తుల మేడ మెట్లెక్కితే చెవి మీద ఎంత ఒత్తిడి తేడా వస్తుందో అంత, అదీ నెమ్మదిగా. రైల్వే స్టేషన్లో ఆ పూట అన్నిటికంటే పెద్ద చప్పుడు ఇంజను కూతే అయి ఉంటుంది.

రెండు వారాల తర్వాత మాత్రం అందరూ చూశారు. సెప్టెంబరు రెండో వారంలో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా ఉదయించాడు, ఆకుపచ్చగా అస్తమించాడు. క్రకటోవా చిమ్మిన సన్నటి ధూళి భూమి చుట్టూ తిరిగి వచ్చింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పాఠాలు చెప్పే మైకీ స్మిత్ ఆ పచ్చ వెలుగుని స్పెక్ట్రోస్కోపుతో పరిశీలించి వ్యాసాలు రాశాడు. ఒంగోలులో ఉన్న ఒక అమెరికన్ మిషనరీ కూడా చూసి 'నేచర్' పత్రికకి ఉత్తరం రాశాడు. చప్పుడు చరిత్రలో తెలుగు నేలకి దొరికిన చోటు ఇది, చప్పుడుగా కాదు, రంగుగా.

ఫిరంగుల మాట వచ్చింది కాబట్టి గుత్తి కొండ ఎక్కాలి. మా చిన్నప్పుడు కోట మీద బురుజు చూపించి, ఇక్కడ నుంచి ఫిరంగి పేలిస్తే గుంతకల్లు దాకా అదిరేదని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. కథలు పెద్దవే. కానీ ఆ కోట కథలో నాకు బాగా గుర్తుండిపోయినది ఫిరంగి కాదు. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతిలో గుత్తి ఉండేది. హైదరాలీ బళ్ళారి పట్టుకుని ఇటు తిరిగాడు. ఊరూ, కింది కోటా పడ్డాయి. పై కోట పడలేదు. అంత నిటారు కొండ మీదికి ఫిరంగి గుండుకీ దారి లేదు. చివరికి సంధి మాటలు మొదలయ్యాయి, ఇంత సొమ్ము అని ఒప్పందం కూడా కుదిరింది, పూచీగా కోటలో నుంచి ఒక యువకుణ్ణి హైదరు శిబిరానికి పంపారు. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ చెప్పిన ప్రకారం, అక్కడ మర్యాదలు చేసి మాటల్లో పెడితే ఆ కుర్రవాడు నోరు జారాడు. పైన నీళ్ళు ఇంక కొద్ది రోజులకే ఉన్నాయని. అంతే, హైదరు ఏదో వంక పెట్టి ఒప్పందం తోసిపుచ్చాడు, ముట్టడి మళ్ళీ బిగించాడు. 1776లో కోట స్వాధీనమైంది. మురారిరావుని కబ్బాళదుర్గానికి పంపారు, అక్కడే పోయాడు. అన్ని వారాల ఫిరంగి మోతకి పడని కోట, భోజనాల దగ్గర గొంతు పెంచకుండా అన్న ఒక్క మాటకి పడింది. ఆ మాట నీళ్ళ గురించి.

అదే గుత్తి కోట కింద సర్ థామస్ మన్రో సమాధి ఉంది. దత్తమండలాలకి మొదటి కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. ఇంటికి వెళ్ళే ముందు పాత జిల్లాలు ఒకసారి చూసుకుందామని వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, కొన్నేళ్ళకి అస్థికలు మద్రాసు తీసుకెళ్ళారు. దీనికీ చప్పుళ్ళకీ సంబంధం ఏమిటంటే, తంబోరా బూడిద వల్ల 1816లో రుతుపవనాలు గతి తప్పాయనీ, 1817లో బెంగాల్లో కలరా కొత్త ఉధృతితో విజృంభించి ప్రపంచం మీద పడటానికి ఆ తప్పిన వానలే ఒక కారణమనీ కొందరు చరిత్రకారులు వాదిస్తున్నారు. గొలుసులో ప్రతి లంకే గట్టిదని నేననను. కానీ ఒప్పుకుంటే మాత్రం, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అనే మన సామెతకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు. ఎక్కడి తంబోరా, ఎక్కడి పత్తికొండ.

పెద్ద చప్పుడు చేస్తే వాన పడుతుందా? నవ్వకండి, అమెరికా పార్లమెంటు ఈ ప్రశ్న మీద డబ్బు పెట్టింది. యుద్ధాల తర్వాత వాన పడుతుందని పాత నమ్మకం. 1871లో ఎడ్వర్డ్ పవర్స్ అనే ఆయన యుద్ధాల జాబితా వేసి దీని మీద పుస్తకమే రాశాడు. 1891 ఆగస్టులో రాబర్ట్ డైరెన్‌ఫోర్త్ అనే లాయరు టెక్సాస్ ఎడారిలాంటి బీళ్ళలో బెలూన్లు, గాలిపటాలు ఎగరేసి, డైనమైట్ కట్టి, ఫిరంగులు పెట్టి రోజుల తరబడి ఆకాశాన్ని పేల్చాడు. అక్కడక్కడా నాలుగు చినుకులు పడితే అది తన గొప్పే అన్నాడు. జనం ఆయన పేరు మార్చేశారు, డ్రై-హెన్స్‌ఫోర్త్ అని. ఇంక ఎండే, అని అర్థం.

మా వైపు ఇదే పని ఇంకా తక్కువ ఖర్చులో చేస్తారు. విరాటపర్వం చదివిస్తారు. కప్పకి పెళ్ళి చేసి మేళతాళాలతో ఊరేగిస్తారు. కొండ మీద బండ కడిగి పాయసం పోసి, చేతులు పెట్టకుండా నాలుకతో తింటారు, దాన్ని వరదపాశం అంటారు. వీటిలో విరాటపర్వం, కప్ప మేళం రెండూ చప్పుడుతో కూడినవే. అన్నిటికంటే మించినది మాత్రం ఉరుములు. చాలామంది హైదరాబాదు స్నేహితులకి ఇది డాన్సు పేరని తెలీదు, వాయిద్యం పేరని అసలే తెలీదు. అనంతపురం జిల్లా దళిత కళాకారులు తరాలుగా నిలబెట్టుకొస్తున్న కళ. మధ్యలో సన్నగా, రెండు వైపులా తోలు మూతలతో డోలు. ఒక మూత మీద కొడతారు. రెండో మూత మీద కొట్టరు, వంపు పుల్లతో రుద్దుతారు. రుద్దినప్పుడు వచ్చేది దెబ్బ చప్పుడు కాదు, మూలుగూ కాదు, కడుపులో నుంచి వచ్చే గురగుర. అచ్చంగా పామిడి దిక్కున మబ్బు చేసే చప్పుడు. పది మంది గజ్జెలు కట్టి వరసగా నిలబడి ఒకేసారి రుద్దితే అక్కమ్మ గుడి ముందు నేల మీద నా పాదాల కింద అది తెలిసేది, చెవికంటే ముందు. ఎన్ని డెసిబెల్సో ఎవరైనా ఫోనులో యాప్ పెట్టి కొలవొచ్చు. రాక్ కచేరీ ముందు ఓడిపోతుంది కూడా. కానీ లోకంలో ఏ ఊరివాళ్ళైనా తమకి ఎంతకీ దక్కని చప్పుడుకి ఒక డోలు చేసుకుని, దానికి ఆ చప్పుడు పేరే పెట్టి, దేవత ముందు మోగిస్తారా అన్నది నాకు డెసిబెల్స్ కంటే పెద్ద సంగతి.

2003 తర్వాత కొన్నేళ్ళు ప్రభుత్వం మేఘమథనం చేయించింది. విమానం మబ్బుల్లోకి పోయి రసాయనాలు చల్లి వచ్చేది. ఆ విమానం చప్పుడు కూడా మా ఊళ్ళో కొత్త రకం ఉరుమే. పిల్లలు వెనకాల పరిగెత్తేవాళ్ళు, పెద్దవాళ్ళు అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. పడిన వాన విమానానిదా, మబ్బుదా అని రచ్చబండ మీద తగవు తెగేది కాదు. శాస్త్రవేత్తల మధ్య కూడా అది పూర్తిగా తెగిన తగవు కాదు లెండి.

ఈమధ్య ఇంకోటి వచ్చి వెళ్ళింది. 2022 జనవరి 15, సంక్రాంతి పండగ రోజులు. పసిఫిక్‌లో టోంగా దగ్గర సముద్రం అడుగున హుంగా అగ్నిపర్వతం పేలింది. తొమ్మిది వేల కిలోమీటర్ల పైన ఉన్న అలాస్కాలో మనుషులు చెవులతో విన్నారు. అంటే దూరం లెక్కలో వాలిస్ రికార్డు పోయింది. క్రకటోవా తర్వాత అంత పెద్ద గాలి అల మళ్ళీ అదే. మన దేశంలో బారోమీటర్లన్నీ ఒకటి రెండు మిల్లీబార్ల కుదుపు చూపించాయి. మా వైపు వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటి ఉండాలి. పండగకి ఊరెళ్ళిన వాళ్ళం అప్పుడు పొళీలు తింటున్నాం. ఎవరికీ ఏమీ తెలీదు. తేడా ఏమిటంటే ఈసారి జనం జేబుల్లో ఉన్న ఫోన్లలో బారోమీటర్లున్నాయి. అవి విన్నాయి.

ఇక ఇప్పటి మా ఊరికి అతి పెద్ద చప్పుడు ఏదని అడిగితే ఉరుమూ కాదు, కోట ఫిరంగీ కాదు. బోరు బండి. ఎక్కువగా తమిళనాడు తిరుచెంగోడు నుంచి వస్తాయి, రెండు లారీలు, ఒకదాని మీద కంప్రెషరు. గట్టి రాతిని గాలి ఒత్తిడితో సుత్తి కొట్టి పిండి చేస్తూ దిగుతుంది. మొదలైతే రాత్రీ పగలూ ఆపరు. పక్క ఊరి నుంచి వినిపిస్తుంది, "ఎవురో బోరేపిస్తాండారు" అంటారు, అన్నాక కాసేపు ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే అది ఒకరి పొలంలో నీళ్ళ చప్పుడు కావచ్చు, అప్పు చప్పుడు కావచ్చు. మా జిల్లాలో ఎండిపోయిన బోర్ల కింద కూరుకుపోయి ప్రాణాలు తీసుకున్న రైతుల గురించి పేపర్లో వచ్చే వార్త ఎప్పుడూ లోపలి పేజీలో, నాలుగు లైన్లలో ఉంటుంది.

మా చిన్నాయన పొలంలో మూడో బోరు వేయించేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచి పాయింటు పెట్టించాడు. కాయ లేచి నిలబడిన చోట సున్నం ముగ్గు వేశారు. సాయంత్రం ఆరుకి మొదలుపెట్టారు. బండి కుర్రాళ్ళు చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, ఒకరితో ఒకరు చేతి సైగలతోనే మాట్లాడుకున్నారు. బొక్కలో నుంచి తెల్లటి రాతి పిండి ఎగిరి వేపచెట్టు మీద పడుతోంది. రాత్రి పదకొండుకి పిండి కొంచెం నల్లబడింది, తడి తగిలిందేమో అని చిన్నాయన అంత మోతలోనూ ముందుకి వంగి చెవి పెట్టాడు. ఆపరేటరు కూడా చెవే పెట్టాడు. రాయి మధ్య పగులు తగిలితే సుత్తి చప్పుడు మారుతుందట, కొంచెం బొంగురు పోతుందట. అది మారలేదు. మళ్ళీ తెల్లగానే దుమ్ము లేచింది. ఇంకో నాలుగు రాడ్లు దించమన్నాడు చిన్నాయన, వేళ్ళతో చూపించి.

తెల్లవారుజామున కంప్రెషరు ఆపేశారు. ఆపాక చెవుల్లో చాలాసేపు ఈల మోగుతూనే ఉంది. ఆ ఈలలో నుంచే ఆపరేటరు గొంతు వినిపించింది. 39 రాడ్లు, ఒక్కోటి 20 అడుగులు, 780. పైన కేసింగు పైపు వేరే. చిన్నాయన చొక్కా జేబులో నుంచి బీడీ కట్ట కాయితం తీసి మడత విప్పాడు.

"పెన్నుందేమప్పా?" అన్నాడు.